టీవీ షోకి అతిథిగా పిలిచారా? పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఇలా సిద్ధమవ్వండి

ఛానెల్ నుంచి ఫోన్ రాగానే చాలామంది "ఎప్పుడు రావాలండీ?" అని అడిగేసి, తేదీ రాసుకుని పెట్టేస్తారు. తేదీ కంటే ముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి. కచేరీలో రెండు గంటలు మీ చేతుల్లో ఉంటాయి. మొదటి కీర్తన కుదరకపోతే మూడోదాంట్లో సర్దుకోవచ్చు. టీవీలో మీకు దొరికేది ఐదు నిమిషాలో పది నిమిషాలో. అందులో సగం కబుర్లకే పోతుంది. మిగిలిన ఆ కొద్ది నిమిషాల సంగీతం మాత్రం ఏళ్ల తరబడి యూట్యూబ్‌లో ఉండిపోతుంది. మీ పేరు కొట్టి వెతికిన ప్రతివాళ్లకీ ముందు కనిపించేది అదే.

నేను వయొలిన్ పక్కవాద్యంగా స్టూడియోలకు వెళ్లేవాణ్ణి. ముందున్న కుర్చీలో కూర్చునేవాళ్ల ఇబ్బందులు, పక్కన కూర్చునేవాళ్ల ఇబ్బందులు రెండూ దగ్గర్నుంచి చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. మొదటిసారి వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకునే రాశాను.

ఫోన్‌లోనే తేల్చుకోవాల్సినవి

అతిథి అనే మాట ఒకటే అయినా, ఒక్కో షోకి మీతో పడే పని వేరు. ఈటీవీ 'పాడుతా తీయగా', జీ తెలుగు 'సరిగమప', ఆహాలో 2022లో మొదలైన 'తెలుగు ఇండియన్ ఐడల్' లాంటి పోటీలకు పిలిస్తే, మీరు పాడేది ఒకటో రెండో పాటలు. మిగతా సమయమంతా పోటీదారుల పాటలు విని నాలుగు మాటలు చెప్పడమే. ముఖాముఖి కార్యక్రమానికి పిలిస్తే ఎక్కువ మాటలు, మధ్యలో "ఒక్క లైన్ పాడండి" అనే కోరికలు. సంక్రాంతి, ఉగాది, దసరా స్పెషల్స్‌లో పాట, ఆట, సరదా అన్నీ కలిసి ఉంటాయి, హడావుడి ఎక్కువ. తిరుమలలో ఆలయం ఎదుట నాదనీరాజనం వేదిక మీద టీటీడీ భక్తి ఛానెల్ ఎస్వీబీసీ కోసం పాడితే అది ప్రత్యక్ష ప్రసారం, ఆరుబయట గాలిలో, భక్తుల మధ్య. అక్కడ రీటేక్ అనే మాటే ఉండదు. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరిలో శాస్త్రీయ సంగీతానికైతే ఆడిషన్‌లో వచ్చిన గ్రేడు చూస్తారు. బీ, బీ హై, ఏ, టాప్ అనే ఆ వరుసను బట్టే పారితోషికం కూడా.

అందుకని ఫోన్ చేసిన కో-ఆర్డినేటర్‌ని ఇవి అడగండి: లైవ్ షోనా, రికార్డింగా? ఎన్ని పాటలు, ఒక్కోటి ఎన్ని నిమిషాలు? సెట్‌లో ఆర్కెస్ట్రా ఉందా, ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాద్య సంగీతం) మీద పాడాలా, మా పక్కవాద్యాల వాళ్లను తీసుకురావచ్చా? నాతోపాటు ఇంకెవరు అతిథులు? షూటింగ్ ఎక్కడ? అన్నపూర్ణ స్టూడియో అయితే ఊళ్లోనే. రామోజీ ఫిల్మ్ సిటీ అయితే హైదరాబాద్‌లో చాలా చోట్ల నుంచి ప్రయాణానికే సగం పూట లెక్క వేసుకోవాలి. రానుపోను కారు ఎవరు పెడతారు? ప్రసారం ఎప్పుడు? పారితోషికం ఎంత?

ఆ చివరి ప్రశ్న అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. "టీవీలో చూపిస్తామంటే డబ్బు అడగడం ఏం బాగుంటుంది" అనుకుంటారు. మీరు డబ్బు తీసుకోకుండా వెళ్లాలనుకుంటే వెళ్లండి, అది మీ ఇష్టం. కానీ మీ మృదంగం మాస్టారు ఆ రోజు ఇంకో కచేరీ వదులుకుని వస్తున్నారు. ఆయన సంగతి మీరు అడక్కపోతే ఇంకెవరూ అడగరు.

ఇంకో మాట. అతిథిగా పిలిచి, ప్రసారం కోసమో ప్రమోషన్ కోసమో మీ దగ్గరే డబ్బు కట్టమంటే అది ఆహ్వానం కాదు, స్లాట్ అమ్మకం. కొత్త కళాకారుల దగ్గరికి ఇలాంటి కాల్స్ ఎక్కువగా వస్తాయి. ఛానెల్ పేరు చెప్పారని నమ్మేయకుండా, ఆ ఛానెల్ ఆఫీసుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

మాట్లాడుకున్నవన్నీ ఆ సాయంత్రమే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపండి. "ఫోన్‌లో అనుకున్నట్టు ఇదిగో వివరాలు, సరిచూడండి" అంటే చాలు. షూటింగ్ నాటికి ఆ కో-ఆర్డినేటర్ స్థానంలో ఇంకొకరు ఉండే అవకాశం బాగా ఉంది. అప్పుడు ఈ మెసేజే అక్కరకొస్తుంది.

పాటను ఎంచుకోవడం, కుదించడం

ఒక్క పాట చెప్పి ఊరుకోకండి, మూడు పంపండి. ఛానెల్‌కి కొన్ని మ్యూజిక్ కంపెనీలతో ఒప్పందం ఉంటుంది, కొన్నిటితో ఉండదు. మీరు ముచ్చటపడి సాధన చేసుకున్న సినిమా పాటకు హక్కులు లేవని ముందురోజు రాత్రి తెలిస్తే టెన్షన్ తప్పదు. టీవీలో వచ్చినా యూట్యూబ్‌లో ఆ భాగం మ్యూట్ అయిపోవడం కూడా జరుగుతుంది. "ఈ మూడింటిలో డిజిటల్ హక్కులు కూడా ఉన్నది ఏది?" అని అడిగి, అదే ఖాయం చేసుకోండి.

సంకీర్తనలు, పదాలు పాడేవాళ్లు ఒకటి గమనించాలి. అన్నమయ్య 1503లో కాలం చేశారు, ఆ సాహిత్యం అందరిదీ. కానీ మనం పాడుకునే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రేవతి రాగంలో 'నానాటి బదుకు' అందరి నోటా ఉంది. దానికి ఆ వరస కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు, ఆయన 2014లో వెళ్లిపోయారు. మన చట్టం ప్రకారం రచనకైనా సంగీతానికైనా కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కాబట్టి ఛానెల్‌కి ఇచ్చే పాటల వివరాల్లో 'సంప్రదాయం' అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, సాహిత్యం ఎవరిది, స్వరకల్పన ఎవరిది అని విడివిడిగా రాయండి. వేదిక మీద కూడా ఆ పేర్లు పలకండి.

జానపదం పాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 'సారంగ దరియా' 2021లో సినిమాలోకి వచ్చినప్పుడు, ఇది అంతకుముందే మాటీవీ 'రేలా రే రేలా' వేదిక మీద వినిపించిన పాట కదా, సేకరణ ఎవరిది, పాడే అవకాశం ఎవరికి రావాలి అని ఎంత చర్చ నడిచిందో గుర్తుండే ఉంటుంది. మీరు ఏ ఊళ్లో, ఎవరి నోట విని నేర్చుకున్నారో కెమెరా ముందు ఒక్క వాక్యంలో చెప్పేయండి. రేపు ఎవరైనా అడిగితే ఆ రికార్డింగే సాక్ష్యం. నేర్పిన ఆ పెద్దావిడ పేరు నలుగురికీ తెలుస్తుంది కూడా.

ఇక కుదించడం. రెండున్నర నిమిషాలు ఇచ్చారనుకోండి. సినిమా పాటైతే పల్లవి, చిన్న బిట్, ఒక చరణం, మళ్లీ పల్లవి. అక్కడికి సరిపోతుంది. మొదటి చరణమే పాడాలని లేదు. రెండో చరణంలో సాహిత్యం బాగుంటే అదే తీసుకోండి, కాకపోతే ఆర్కెస్ట్రాకి ముందే చెప్పండి. కీర్తనైతే కష్టం ఎక్కువ. ఇరవై సెకన్ల రాగచ్ఛాయ, పల్లవిలో మీకు బాగా నప్పిన రెండు మూడు సంగతులు (ఒకే లైనును మార్చి మార్చి పాడే తీర్లు), అనుపల్లవి వదిలేసి నేరుగా చరణం, చివర్లో నాలుగు ఆవర్తాల (తాళం చుట్ల) స్వరం. అన్ని సంగతులూ వేయాలని పరుగెత్తకండి. కాలం పెంచి పాడితే ఎడిటింగ్‌లో మిగిలేది ఆయాసమే. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, ఆగాల్సిన చోట ఆగడం అలవాటయ్యేదాకా పాడండి. మీరు కుదించకపోతే ఎడిటర్ కుదిస్తాడు. ఆయనకు తాళం తెలియకపోవచ్చు. అరుదిలో (పాట తాళంలో వాలే చోట) తెగిపోయిన తీర్మానం (ముగింపు జతి) టీవీలో వచ్చాక ఎవరినని ఏం లాభం?

శ్రుతి, ట్రాక్

"నాది ఐదున్నర" అంటే మృదంగం ఆయనకు అర్థమవుతుంది, కీబోర్డు కుర్రాడికి కాకపోవచ్చు. ఒకటిన్నర అంటే సీ షార్ప్, నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్, ఐదు అంటే జీ, ఐదున్నర అంటే జీ షార్ప్. పాట పేరు పక్కన రెండు విధాలుగానూ రాసి పంపండి. సినిమా పాట అసలు శ్రుతిలో కాకుండా మీ శ్రుతిలో కావాలంటే కనీసం వారం ముందు చెప్పాలి. షూటింగ్ రోజు ఉదయం చెబితే కంప్యూటర్‌లో ట్రాక్ శ్రుతిని బలవంతంగా పైకో కిందికో జరుపుతారు, వాద్యాల నాదమంతా బొంగురుపోతుంది.

మీరే ట్రాక్ ఇస్తుంటే ఎంపీ3 ఇవ్వకండి. వేవ్ ఫైల్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అని మీ స్టూడియో అబ్బాయికి చెప్పండి. వీడియోకి వాడేది 48. పాటల సీడీలకు వాడే 44.1 ఇస్తే మళ్లీ మార్చాల్సి వస్తుంది. గొంతు లేని ట్రాక్ ఒకటి, గొంతుతో ఉన్నది గుర్తు కోసం ఒకటి, మొదట్లో నాలుగు క్లిక్కులు ఉన్నది ఒకటి పెట్టుకోండి. రెండు పెన్‌డ్రైవ్‌లు, మెయిల్‌లో ఇంకో కాపీ.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ వీడియో కాల్‌లో అతిథిగా చేరేవాళ్లు మాటలకు కాల్ వాడుకోండి, పాటకు మాత్రం వద్దు. అవతలి ఆర్కెస్ట్రా మీకు వినపడేసరికి, మీ గొంతు వాళ్లకు చేరేసరికి తాళం తప్పిపోతుంది. పాటను విడిగా మంచి మైకుతో రికార్డు చేసి ముందే పంపేయండి.

వాద్యాలను కాపాడుకోవడం

ఈ భాగం మీద ఎవరూ దృష్టి పెట్టరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. స్టూడియోలో ఒకవైపు గడ్డకట్టే ఏసీ, ఇంకోవైపు నెత్తిమీద లైట్లు. ఇవి రెండూ చర్మానికీ, కర్రకీ, తీగెకీ పడవు.

మృదంగం సంగతి చూడండి. ఎడమవైపు తొప్పికి బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి పెడతారు, గుమికి, అంటే తొప్పి మీద పలికే ఆ గంభీరమైన నాదానికి, అదే ఆధారం. కచేరీలో అయితే ఎక్కబోయే ముందు పెట్టుకుని వెంటనే వాయిస్తారు. టీవీలో సౌండ్ చెక్ మధ్యాహ్నం పన్నెండుకి చేసి, అసలు టేక్ సాయంత్రం ఆరుకి తీస్తారు. ఈలోగా లైట్ల కింద ఆ రవ్వ ఎండి, బీటలు వారి, అంచులు లేస్తుంది. తొప్పి గొంతు పైకి వెళ్లిపోతుంది. ఉదయం బ్రహ్మాండంగా మోగిన వాద్యం టేక్ సమయానికి డొల్లగా పలుకుతుంది. పక్కనున్న సౌండ్ ఇంజినీర్‌కి ఎందుకో అర్థం కాదు, బేస్ పెంచుతాడు, ఇంకా పాడవుతుంది. కాబట్టి సంచీలో రవ్వ పొట్లం, చిన్న గిన్నె, నీళ్ల సీసా, తుడవడానికి గుడ్డ ఉండాలి. "టేక్‌కి ముందు నాకు పది నిమిషాలు కావాలి" అని సెట్ మీద పనులు నడిపించే ఫ్లోర్ మేనేజర్‌కి సౌండ్ చెక్ అప్పుడే చెప్పి ఉంచండి. అప్పటికప్పుడు చెబితే యూనిట్ మొత్తాన్ని ఆపినట్టు అవుతుంది.

వీణ మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. సెట్ మీద వీణను లైట్ల కింద వదిలేసి భోజనానికి వెళ్లకండి. మైనం మెత్తబడి మెట్టు ఒక్క వెంట్రుకవాసి కదిలినా ఆ స్వరం పలకదు, షూటింగ్ మధ్యలో దాన్ని బాగుచేసే దారి లేదు. టేకుల మధ్య పెట్టెలో పెట్టండి, లేదా లైటు పడని మూలకు జరపండి. వయొలిన్ వాళ్లు అదనపు తీగెల సెట్టు, ముఖ్యంగా మొదటి తీగె, దగ్గర ఉంచుకోవాలి. చలిగదిలోంచి వేడి లైట్ల కిందికి వచ్చిన మొదటి పావుగంటలో శ్రుతి నిలవదు. వేణువు ఊదేవాళ్లకు కూడా అంతే, వెదురు చల్లబడితే శ్రుతి కిందికి దిగుతుంది. టేక్ ముందు కాసేపు ఊదుతూ వెచ్చబెట్టుకోవాలి.

డప్పు బృందాలకు ఇంకో చిక్కు. డప్పును మంట మీద కాచితేనే మోత వస్తుంది. సెట్‌లో మంట పెట్టనివ్వరు, చుట్టూ తెరలు, ప్లైవుడ్, వైర్లు ఉంటాయి కాబట్టి అది సబబే. కాచుకుని లోపలికి తెస్తే పావుగంట ఏసీకే చర్మం జారిపోతుంది. బతుకమ్మ స్పెషల్ లాంటి వాటికి వెళ్లే బృందాలు ముందే అడగాల్సినవి రెండు. స్టూడియో బయట కాచుకోవడానికి చోటు, అక్కడినుంచి ఫ్లోర్‌కి దగ్గరి దారి. పిలిచేదాకా బయటే ఉండి, కాచి, నేరుగా టేక్‌కి వెళ్లాలి. డప్పులు రెండు జతలుంటే ఒక జత వాయిస్తుండగా ఇంకోటి కాగుతుంది. ప్లాస్టిక్ తొడుగు డప్పులు వాడమని కొందరు సలహా ఇస్తారు. రిహార్సల్‌కి పర్వాలేదు. రికార్డింగ్‌కి తోలు డప్పే ఉండాలని నా అభిప్రాయం, ఆ నాదం వేరేదానికి రాదు.

సంతకం పెట్టే ముందు

షూటింగ్ రోజు మేకప్ వేసుకుంటుండగా ఒక కాగితం తెచ్చి "చిన్న ఫార్మాలిటీ అండీ" అంటారు. ఆ కాగితం ముందురోజే మెయిల్‌లో పంపమనండి. తీరిగ్గా చదవండి. ప్రసారం ఎన్నిసార్లు, ఏయే మాధ్యమాల్లో, పాటను విడిగా కోసి రీల్స్‌గా వాడతారా, ఇంకో షోలో వాడతారా అని చూడండి. చాలా ఫారాల్లో 'అన్ని మాధ్యమాల్లో, ఎప్పటికీ' అని ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని మార్పించలేకపోవచ్చు. అయినా ఒక్కటి మాత్రం అడిగి రాయించుకోవచ్చు: "నా ప్రదర్శన క్లిప్‌ను నా సొంత పేజీలో పెట్టుకునే అనుమతి". చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకూ అది ప్రచారమే. అది రాసి లేకపోతే మీ పాట మీరు పెట్టుకున్నా కాపీరైట్ స్ట్రైక్ రావచ్చు.

మన కాపీరైట్ చట్టంలో పాడినవాళ్లకీ, వాయించినవాళ్లకీ ప్రదర్శన హక్కు ఉంది, అది 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో ఇంకోటి చేరింది. ఈ ప్రదర్శన నాది అని పేరు చెప్పమని అడిగే హక్కు. పేరు వేయడానికి కుదరని తీరులో వాడుకుంటే తప్ప ఆ హక్కు ఉంటుంది. ఈ హక్కు ముందు వరసలో కూర్చున్న గాయకుడిదే అనుకోకండి. తంబూరా పక్కన కూర్చున్న వయొలిన్ ఆయనదీ, ఘటం అమ్మాయిదీ, కోరస్ పాడిన ఇద్దరిదీ కూడా.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఉంది. పక్కవాద్యాల వాళ్ల పేర్లు టీవీలో ఎలా మాయమవుతాయో నాకు బాగా తెలుసు. ఎవరూ కావాలని చేయరు. ప్రధాన కళాకారుడి పేరు ప్రోమోకి కావాలి కాబట్టి అడుగుతారు, మిగతావి ఎవరూ అడగరు, ఎవరూ రాసివ్వరు, టైటిల్స్ వేసే అబ్బాయి దగ్గర ఉండవు. అంతే. దీనికి మందు చాలా తేలిక. పంపే పాటల వివరాల్లోనే కింద రాసివ్వండి: వయొలిన్ సహకారం ఫలానా, మృదంగ సహకారం ఫలానా, కీబోర్డు ఫలానా. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ, అక్షరాలు సరిచూసి. యాంకర్‌కి ఒక కాపీ. పాట అయ్యాక యాంకర్ మీ గురించి మాట్లాడబోతుంటే మీరే "ముందు మా వాళ్లను పరిచయం చేస్తానండీ" అని పేర్లు చెప్పేయండి, చెబుతూ వాళ్లవైపు తిరగండి. మీరు తిరిగిన వైపు కెమెరా కూడా తిరుగుతుంది. పేరొక్కటే చెబితే కత్తిరిస్తారు. పేరుతోపాటు చిన్న విషయం చేర్చి చెబితే, "మృదంగం ఒంటరిగా మోగిన తనిలో ఆఖరి మోహర, ఆ ముగింపు జతులు, ఈయన అప్పటికప్పుడు వేసింది" లాంటిది, అది కత్తిరించబుద్ధి కాదు.

డబ్బు విషయం కూడా ఇక్కడే. వృత్తి ఫీజుగా ఇచ్చేదాంట్లో సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ఇచ్చే ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, ఏడాదిలో ఆ సంస్థ ఇచ్చింది 50 వేలు దాటితే. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. పక్కవాద్యాల వాళ్ల డబ్బు మీ ఖాతాలో కలిపి వేస్తామంటే వద్దనండి. ఎవరిది వాళ్ల పాన్ మీద, వాళ్ల ఖాతాకి వేయించండి. లేకపోతే మొత్తం మీ ఆదాయంగా లెక్కకొస్తుంది, పంచేటప్పుడు మాటలు వస్తాయి. పాడేది మీ సొంత రచన, సొంత వరస అయితే, రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్ సంస్థలో సభ్యత్వం తీసుకుని ఆ పాటను ప్రసారానికి ముందే నమోదు చేసుకోండి.

బట్టలు

సన్నటి గీతల చొక్కాలు, దగ్గర దగ్గర చిన్న గళ్ల చీరలు కెమెరాలో అలలు అలలుగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. వెనక గ్రీన్ మ్యాట్ (తర్వాత వేరే దృశ్యం కలపడానికి వేసే పచ్చ తెర) ఉంటే ఆకుపచ్చ పనికిరాదు, ఆ రంగు అంచు ఉన్న పట్టుచీర కూడా. మెరిసే తెల్లపంచె లైట్ల కింద కళ్లు చెదిరేలా వెలిగిపోతుంది, మీగడ రంగు మంచిది. రెండు జతలు పట్టుకెళ్లండి. మైకు పట్టుకునే చేతికి గాజులు తీసేయండి, లేదా రబ్బరు బ్యాండ్ వేసి బిగించండి. కాలర్ మైకు పెడితే గొలుసు దానికి తగలకుండా చూసుకోండి. వాయించేవాళ్లు ఆ బట్టలతో ఇంట్లో ఒకసారి కూర్చుని వాయించి చూసుకోవాలి. కొత్త సిల్కు జుబ్బా మీద వయొలిన్ నిలవదు, జారిపోతుంది.

సెట్ మీద

ఉదయం తొమ్మిదికి రమ్మంటారు, మీ వంతు రాత్రి తొమ్మిదికి రావచ్చు. గొంతు తొమ్మిదింటికే సవరించేసి కూర్చుంటే రాత్రికి ఏమీ మిగలదు. వెళ్లగానే ఫ్లోర్ మేనేజర్‌ని వరస అడగండి. మీకు ముందు ఎన్ని ఉన్నాయో తెలిస్తే, రెండు ఐటమ్స్ ముందు మొదలుపెట్టొచ్చు. వేడినీళ్ల ఫ్లాస్కు, శాలువా, ఇంటి పెరుగన్నం. ఫ్లోర్ మీద ఎవరి మాట వినాలో కూడా అప్పుడే తెలుసుకోండి. డైరెక్టర్ పైన కంట్రోల్ రూమ్‌లో ఉంటారు, ఆయన చెప్పింది ఫ్లోర్ మేనేజర్ చెవిలోంచే మీకు వస్తుంది.

సౌండ్ చెక్‌లో మీకు ఏం కావాలో నోరు తెరిచి అడగండి. స్టూడియో గోడలు శబ్దాన్ని మింగేస్తాయి. గుడిలోనో కల్యాణమండపంలోనో పాడినప్పుడు వచ్చే మోగుడు అక్కడ ఉండదు, మీ గొంతు మీకే పొడిపొడిగా, చిన్నగా వినిపిస్తుంది. అది చూసి అందరూ బలం పెంచి పాడేస్తారు, చరణానికొచ్చేసరికి గొంతు బిగుసుకుపోతుంది. "నా మానిటర్‌లో (నాకు వినిపించే స్పీకర్‌లో) గొంతు కాస్త, తంబూరా కాస్త పెంచండి, కొంచెం రివర్బ్ (మోగుడు) వేయండి" అని అడిగితే క్షణంలో చేస్తారు. చెవిలో ఇయర్ మానిటర్ పెడితే రెండు చెవులకూ పెట్టుకోవద్దు, అలవాటు లేనివాళ్లు ఒకదాన్ని ఖాళీగా ఉంచుకుంటే పక్కవాళ్ల వాద్యం నేరుగా వినిపిస్తుంది. సౌండ్ చెక్‌లో పాట మొదటి లైను పాడి ఆపేయకండి, ఎక్కువ స్థాయికి వెళ్లే చోటు తప్పకుండా పాడండి. ఇంజినీర్ లెవెల్ పెట్టుకునేది దాన్ని బట్టే.

ఎర్రదీపం వెలిగిన కెమెరానే అప్పుడు మిమ్మల్ని చూపిస్తున్నది. దాన్ని వెతుక్కుంటూ కళ్లు తిప్పకండి. మీ పక్కవాద్యాల వాళ్లను చూస్తూ, ఎదుట కూర్చున్నవాళ్లను చూస్తూ పాడండి. కచేరీలో ఉన్నట్టే ఉండండి. తాళం వేసుకునే అలవాటుంటే వేసుకోండి. "చెయ్యి ఫ్రేములోకి వస్తోంది" అంటే ఫ్రేము మార్చమని మర్యాదగా చెప్పొచ్చు.

తప్పు జరిగితే మొహం చిట్లించకుండా పాట పూర్తి చేసి, అప్పుడు రీటేక్ అడగండి. ఏ చోట తప్పిందో ఆ చోటు చెప్పి అడిగితే ఒప్పుకుంటారు. "ఇంకా బాగా పాడగలను" అంటే ఒప్పుకోరు.

మాట్లాడే వంతు

షూటింగ్‌కి ముందు ఒకరు ఫోన్ చేసి మీ గురించి వివరాలు అడుగుతారు. మీరు చెప్పినవాటిలోంచే ప్రశ్నలు వస్తాయి. అందుకే ఏది చెప్పాలనుకుంటున్నారో అదే చెప్పండి. ఏ విషయం కెమెరా ముందు రావద్దనుకుంటున్నారో అది ఆ ఫోన్‌లో అసలు ఎత్తకండి. పాత గొడవ, ఫలానా ఆయన అవకాశం తప్పించాడన్న మాట ఒక్కటి నోరు జారినా ప్రోమో అంతా అదే అవుతుంది. అడిగితే "ఆ సంగతి వద్దండీ, పాట గురించి మాట్లాడుకుందాం" అని నవ్వుతూ ఆపేయండి. మాటను సగంలో వదిలితే కోసి వాడుకోవచ్చు, వాక్యం పూర్తి చేస్తే కుదరదు.

"ఒక్క లైన్ పాడండి" అని తప్పకుండా అంటారు. అప్పుడు ఆలోచిస్తూ కూర్చోకుండా, వాద్యం ఏదీ లేకుండా నిలబడే నాలుగు పల్లవులు ముందే ఎంచుకుని ఉంచండి. శ్రుతిపెట్టె ఫోన్‌లో ఉంటే యాంకర్ ప్రశ్న అడుగుతుండగానే చిన్నగా పెట్టేయొచ్చు. పండుగ స్పెషల్ అయితే పండక్కి కొన్ని వారాల ముందే తీస్తారు. "నిన్న", "మొన్న" అనే మాటలు, ఆ వారం జరిగిన సంగతులు రాకుండా చూసుకోండి.

పోటీ కార్యక్రమంలో పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిని తలుచుకుంటే చాలు. 1996లో 'పాడుతా తీయగా' మొదలైనప్పటినుంచి 2020లో ఆయన వెళ్లిపోయేదాకా తెలుగువాళ్లకు పాట వినడం నేర్పింది ఆ కుర్చీలోంచే. పిల్ల పాడిన పాట రాసిందెవరు, వరస కట్టిందెవరు, ఈ మాటకు అర్థమేమిటి, ఈ అక్షరం ఒత్తి ఎందుకు పలకాలి అని చెప్పి, తప్పు ఎక్కడుందో తానే పాడి చూపించేవారు. మీరూ అంతే చేయండి. "సూపర్, ఇరగదీశావ్" అంటే ఆ పిల్లకు ఇంటికి తీసుకెళ్లడానికి ఏమీ దొరకదు. "చరణం రెండో లైనులో శ్వాస మాట మధ్యలో తీశావమ్మా, 'వెన్నెల' అనే మాట అయ్యాక తీసి చూడు" అంటే రేపటినుంచి అది ఆమె సాధనలోకి వెళ్తుంది. ముందు బాగున్నది చెప్పండి, తర్వాత సరిచేయాల్సినది ఒక్కటే చెప్పండి. పదేళ్ల పిల్లకి నాలుగు తప్పులు వరసగా చెప్పకూడదు, లక్షలమంది చూస్తుంటారు, బడిలో తోటిపిల్లలు కూడా చూస్తారు. పెద్ద సంగతులేమైనా ఉంటే షూటింగ్ అయ్యాక తల్లిదండ్రుల ఎదుట విడిగా చెప్పండి.

ప్రసారం అయ్యాక

బయల్దేరే ముందే ప్రసార తేదీ, బిల్లు ఎవరికి పంపాలి అన్నవి రాసుకోండి. బిల్లు మర్నాడే పంపండి. నెల దాటినా డబ్బు రాకపోతే ఎపిసోడ్ పేరు, షూటింగ్ తేదీ రాసి అకౌంట్స్ వాళ్లకు నేరుగా మెయిల్ పెట్టండి, కో-ఆర్డినేటర్ చుట్టూ తిరిగితే పని కాదు. టీడీఎస్ పట్టుకుంటే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

ఎపిసోడ్ యూట్యూబ్‌లో పెట్టిన రోజే చూడండి. మీ పేరు, రచయిత పేరు, స్వరకర్త పేరు, పక్కవాద్యాల వాళ్ల పేర్లు ఉన్నాయా, అక్షరదోషాలు ఉన్నాయా చూసి, ఏది తప్పో ఏది సరైనదో పక్కపక్కన రాసి వాళ్ల డిజిటల్ టీమ్‌కి పంపండి. వీడియోలో వేసిన అక్షరాలు ఇక మారవు. కింద ఉండే వివరణ మార్చడం మాత్రం వాళ్లకు రెండు నిమిషాల పని, మొదటిరోజు అడిగితే చేస్తారు. అది మారాక లింకు మీ బృందంలో అందరికీ పంపండి, ఎవరి వాద్యం ఏ నిమిషంలో బాగా వినిపిస్తోందో ఆ సమయం కూడా రాసి.